శిక్ష తీరిన మనిషి, తుపాకి లైసెన్సు



గోపాల్‌పూర్ చుట్టుపక్కల ఉండేవారికి ఫిరంగుల మోత కొత్త కాదు. గోళబంధ దగ్గర సైన్యం వారి ఎయిర్ డిఫెన్స్ కళాశాల ఉంది. శిక్షణ జరిగే రోజుల్లో సముద్రం వైపు పేలే గుండ్ల చప్పుడు మన పల్లెల దాకా వినిపిస్తుంది. అవి సర్కారు తుపాకులు. వాటి గురించి ఈ రోజు నేను మాట్లాడబోవడం లేదు. పంట కాపలాకో, ఇంటి రక్షణకో సామాన్యుడు పెట్టుకునే ఒంటి గొట్టం తుపాకి గురించి, దానికి కలెక్టరు ఆఫీసు నుంచి వచ్చే లైసెన్సు గురించి మాట్లాడదలచాను. ఒకసారి కోర్టులో శిక్ష పడి, ఆ శిక్ష పూర్తిగా అనుభవించి బయటికి వచ్చిన మనిషి ఆ లైసెన్సు మళ్ళీ అడగవచ్చా? అడిగితే చట్టం ఏమంటుంది? మన జిల్లాలో ఈ సంగతికి నూటయాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

తుపాకులున్న ఇళ్ళు ఊరికి ఎన్ని ఉంటాయి, ఇది మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. నిజమే, తుపాకులు తక్కువే. కాని ఒక మనిషికి శిక్ష వేసిన రాజ్యం ఆ శిక్ష ఎప్పటితో ముగిసిందని ఒప్పుకుంటుందో తెలుసుకోవాలంటే, ఈ లైసెన్సు కాగితాన్ని మించిన సాక్ష్యం దొరకదు.

ముందు పాత రోజులకు వెళదాం. 1835 నుంచి 1837 దాకా గుంసూరు సంస్థానంలో కంపెనీ ప్రభుత్వానికి, కొండ ప్రాంతపు దొరలకు యుద్ధం జరిగింది. కొండవాళ్ళ పక్షాన దొరబిసోయి పేరు, తరువాతి కాలంలో చక్రబిసోయి పేరు మన ప్రాంతంలో ఇప్పటికీ వినబడతాయి. కంపెనీ పక్షాన వచ్చిన రస్సెల్ దొర పేరు మీద ఒక ఊరు రస్సెల్‌కొండ అయింది. అదే నేటి భంజనగర్. ఆ యుద్ధం ముగిశాక, 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరునే ఏజెంటుగా నియమించి ఆయన చేతికి అప్పగించారు. ఏజెన్సీ అన్న మాట మనకు వచ్చింది అలాగే. ఆయుధం పట్టే చేతిని కలెక్టరు కనిపెట్టి ఉండాలన్న ఆలోచన మన జిల్లాలో అప్పటి నుంచే పాతుకుంది.

దేశమంతటికీ వర్తించే చట్టం 1878లో వచ్చింది. లిట్టన్ ప్రభువు వైస్రాయిగా ఉండగా చేసిన ఇండియన్ ఆర్మ్స్ యాక్టు అది. దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం కూడా ఆయన ఆ ఏడాదే చేశారు. పత్రికల చట్టం కొన్నేళ్ళకే రిప్పన్ ప్రభువు హయాంలో రద్దయింది. ఆయుధాల చట్టం మాత్రం ఎనభై ఏళ్ళు దాటి బతికింది. కలాన్ని వదిలిపెట్టి కత్తిని వదలకపోవడంలో ఆ ప్రభుత్వానికి దేనిమీద ఎక్కువ భయమో తెలుస్తూనే ఉంది.

ఆ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోరాదు. సముద్రం మీద గాని, నేల మీద గాని ఆయుధాలు దిగుమతి చేయరాదు. గోపాల్‌పూర్ అప్పట్లో మంచి రేవు. రంగూన్ వెళ్ళే స్టీమర్లు ఇక్కడ ఆగేవి. మన తెలుగు కూలీలు, ఒడియా కూలీలు మూట నెత్తిన పెట్టుకుని ఇక్కడే ఓడ ఎక్కేవారు. ఈ ఒడ్డునే విదేశీ వర్తక కంపెనీల గిడ్డంగులు, బంగళాలు ఉండేవి. ఇక చట్టంలోని వింత వినండి. ఐరోపా జాతివారికి దాని నిబంధనల నుంచి మినహాయింపు ఉండేది. పెద్ద బిరుదులున్న దేశీయ ప్రభువులకు కూడా మినహాయింపులుండేవి. అంటే ఆ బంగళాలో కాపురముండే దొర కొంగల వేటకు తుపాకి భుజాన వేసుకుని పోతే అడిగేవాడు లేడు. ఆయన గిడ్డంగిలో బస్తాలు మోసే మనిషి నాటు తుపాకి పట్టుకుంటే జైలు. జాతిని బట్టి ఉన్న ఈ తేడాను తీసివేయడానికి 1920 నాటి కొత్త నిబంధనలు రావలసి వచ్చింది.

మరి ఆ రోజుల్లో శిక్షపడినవాడి మాటేమిటి? ఆయుధాల చట్టం కింద నేరం రుజువైతే, శిక్ష వేసిన మేజిస్ట్రేటే లైసెన్సు రద్దు చేయవచ్చు. అదికాక, ప్రజాశాంతికి అవసరమని తోస్తే లైసెన్సు ఇచ్చిన అధికారే కారణం రాసుకుని రద్దు చేయవచ్చు. రద్దయిన మనిషి మళ్ళీ ఎన్నాళ్ళకు అడగవచ్చు అన్న లెక్క ఆ చట్టంలో రాయలేదు. దొర దయ తలిస్తే ఇస్తారు, లేకపోతే లేదు. ఒక్కొక్క మనిషి సంగతి ఇలా ఉంటే, 1871 నుంచి కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా పట్టీలో ఎక్కించే చట్టం మరొకటి ఉండేది. ఆ మచ్చ చట్టరీత్యా తొలగింది 1952లో.

స్వాతంత్ర్య ఉద్యమంలో ఈ ఆయుధాల చట్టం పెద్ద ఫిర్యాదు. అహింసను బోధించిన గాంధీగారు 1930 జనవరిలో ప్రభుత్వం ముందుంచిన పదకొండు కోర్కెలలో ఒకటి, ప్రజల అదుపుకు లోబడి ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని ఆయన ఉద్దేశం స్పష్టమే. ఆయుధం చేతిలో ఉండి కూడా ఎత్తనివాడిదే అహింస. లేనివాడి ఊరకుండటానికి ఆ పేరు చెల్లదు. మరుసటి ఏడాది కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల పట్టికలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా చేరింది.

ఈలోగా మన జిల్లా ఇల్లు మారింది. 1936 ఏప్రిల్ 1న బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ మద్రాసు రాజధాని విడిచి కొత్త ఒడిశా రాష్ట్రంలోకి వచ్చాయి. ఇచ్ఛాపురం అటే ఉండిపోయింది. ఆఫీసుల భాష మారింది, హైకోర్టు మారింది, బంధువుల మధ్య గీత పడింది. ఆయుధాల చట్టం మాత్రం గీతకు అటూ ఇటూ ఒక్కటే. ఈ రోజుకీ అది కేంద్ర చట్టమే. సోంపేట కోర్టులో పడిన శిక్ష ఛత్రపురం కలెక్టరేటులో లెక్కకు వస్తుంది. ఇక్కడి శిక్ష శ్రీకాకుళంలో లెక్కకు వస్తుంది. సరిహద్దు దాటితే పాత సంగతి పోతుందనుకోవడం వట్టి భ్రమ.

రాజ్యాంగం రాసేటప్పుడు ఈ హక్కు మళ్ళీ చర్చకు వచ్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి.కామత్ గారు, ఆయుధం ఉంచుకునే హక్కును పౌరుల స్వేచ్ఛలలో చేర్చాలని సవరణ తెచ్చారు. సభ అంగీకరించలేదు. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరని రోజులవి. 19వ అధికరణంలో ఆయుధాల ప్రస్తావన ఒక్కచోటే కనబడుతుంది. అది కూడా శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే స్వేచ్ఛ గురించి. కరాచీలో హక్కు అనిపించుకున్నది ఢిల్లీకి వచ్చేసరికి అనుమతిగా మిగిలింది.

ఇక్కడ అమెరికా ప్రస్తావన తేవడం అవసరం. అక్కడ స్థిరపడిన మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఇలాంటి మాటలు చెబుతుంటారు. ఆ దేశ రాజ్యాంగానికి 1791లో చేసిన రెండవ సవరణ ఆయుధం ధరించడాన్ని పౌరుల హక్కుగా గుర్తించింది. 1968 నాటి చట్టం మాత్రం పెద్ద నేరాలలో శిక్షపడినవారికి తుపాకిని నిషేధించింది. తరువాత 1986లో చేసిన మార్పు ప్రకారం, ఆ శిక్ష రికార్డు నుంచి కొట్టివేయబడినా, క్షమాభిక్ష లభించినా అది శిక్ష కిందికి రాదు. అయితే కొట్టివేసిన ఉత్తర్వులోనే తుపాకి కూడదని రాసి ఉండరాదు. అందుకని అక్కడ రికార్డు కొట్టివేయించుకోవడం, దాంతో తుపాకి హక్కు తిరిగి తెచ్చుకోవడం వకీళ్ళకు ఒక పెద్ద పని. బ్రిటన్ మరో దారిలో పోయింది. 1968 నాటి వారి చట్టంలో, మూడేళ్ళు, అంతకు మించి శిక్షపడినవాడికి జీవితాంతం నిషేధం. మూడు నెలల నుంచి మూడేళ్ళ లోపు శిక్షపడినవాడికి విడుదలైన నాటి నుంచి అయిదేళ్ళు.

మన చట్టం కూడా అయిదేళ్ళ లెక్క పెట్టుకుంది. 1959లో పార్లమెంటు చేసిన ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. దాని 9వ సెక్షను చెప్పేది ఇది. హింసతో గాని, నైతిక పతనంతో గాని కూడిన నేరానికి జైలు శిక్ష పడినవాడు, ఆ శిక్ష ముగిసిన తరువాత అయిదేళ్ళు గడిచేవరకు తుపాకి సంపాదించరాదు, దగ్గర ఉంచుకోరాదు. మొదట్లో ఆరు నెలలు, అంతకు మించిన శిక్షలకే ఇది వర్తించేది. 1983 సవరణతో ఎన్నాళ్ళ జైలు శిక్షకైనా వర్తించేటట్టు మార్చారు.

ఈ వాక్యాన్ని మాస్టారు పాఠం విప్పినట్టు కొంచెం విప్పి చూద్దాం. నేరం హింసతోనో, నైతిక పతనంతోనో కూడినదై ఉండాలి. 1930లో ఉప్పు చట్టం మీరి జైలుకు పోయినవారు ఈ వాక్యంలో పడరు. మన బరంపురంలో 1894లో పుట్టిన వి.వి.గిరి గారు 1922లో సారాయి దుకాణాలకు ఎదురు నిలిచి అరెస్టయ్యారు, క్విట్ ఇండియా రోజుల్లో జైల్లో ఉన్నారు. అదే గిరిగారు 1969లో రాష్ట్రపతి అయి, త్రివిధ దళాలకు సర్వాధిపతి అయ్యారు. 72వ అధికరణం కింద శిక్షపడినవారికి క్షమాభిక్ష పెట్టే అధికారం 1974 దాకా ఆయన చేతిలో ఉంది. జైలుకు పోయిన ప్రతివాడూ నేరస్థుడు కాడని చెప్పడానికి మన ఊళ్ళో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇంకొకటి, జైలు శిక్ష పడి ఉండాలి. జరిమానా మాత్రమే వేసి పంపినవాడికి ఈ అయిదేళ్ళ నిషేధం లేదు. అయిదేళ్ళను లెక్కపెట్టవలసింది కూడా తీర్పు చెప్పిన రోజు నుంచి కాదు, శిక్ష ముగిసిన రోజు నుంచి. వన్యప్రాణి చట్టంలో లెక్క వేరు. 1972 నాటి ఆ చట్టం కింద శిక్షపడితే, నేరానికి వాడిన తుపాకి లైసెన్సును కోర్టు రద్దు చేయించవచ్చు. శిక్షపడిన తేదీ నుంచి అయిదేళ్ళు మళ్ళీ లైసెన్సుకు అనర్హుడని ఆదేశించవచ్చు. భేటనయి వైపు కృష్ణజింకలను పంటచేలలో మేయనిచ్చి కూడా ఊళ్ళవాళ్ళు తామే కాపాడుకుంటున్న జిల్లా మనది. ఇక్కడ ఈ సెక్షను తెలియనివాడు తుపాకి పట్టుకోకపోవడమే మంచిది.

మన పల్లెల్లో ఎక్కువమందిని పట్టుకునేది మాత్రం మరో పాదం. బైండోవరు కేసులు మీకు తెలుసు. గట్టు తగాదా వచ్చినా, ఎన్నికలు వచ్చినా, జాతర వచ్చినా ఇరుపక్షాలను పిలిచి శాంతిగా ఉంటామని పూచీకత్తు రాయించుకుంటారు. వెనుక దీన్ని 107 కేసు అనేవారు. 2024 జూలై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చాక అది 126వ సెక్షను అయింది. ఇందులో శిక్ష లేదు, నేర నిర్ణయం లేదు. అయినా మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద అలా పూచీకత్తు రాసినవాడు ఆ గడువు తీరేదాకా తుపాకి ఉంచుకోరాదని ఆయుధాల చట్టం చెబుతోంది. గడువు తీరితే ఆ అడ్డు తొలగిపోతుంది. ఈ రెండో మాట చాలామందికి ఎవరూ చెప్పరు.

ఇంతకీ రికార్డు కొట్టివేయడం మన దేశంలో ఉందా? అమెరికాలో ఉన్నట్టు, పెద్దవాళ్ళ శిక్షను కాగితాల నుంచి చెరిపివేసే చట్టం మనకు లేదు. దానికి దగ్గరగా వచ్చేవి కొన్ని ఉన్నాయి. అప్పీలులో శిక్ష కొట్టివేస్తే మనిషి నిర్దోషి అవుతాడు, అడ్డు ఉండదు. ఆయుధాల చట్టం కింద శిక్ష వేస్తూ కోర్టు లైసెన్సు రద్దు చేసి ఉంటే, ఆ శిక్ష అప్పీలులో పోయినప్పుడు రద్దు ఉత్తర్వు కూడా దానంతటదే చెల్లకుండా పోతుందని 17వ సెక్షనులో రాసి ఉంది. శిక్షను తాత్కాలికంగా నిలిపివేయడం వేరు, కొట్టివేయడం వేరు. బెయిలు మీద బయట తిరుగుతున్నంత మాత్రాన నేర నిర్ణయం పోలేదు.

ప్రొబేషన్ చట్టం 1958లో వచ్చింది. మొదటి తప్పు చేసినవాణ్ణి జైలుకు పంపకుండా, మందలించో, సత్ప్రవర్తన పూచీ మీదో కోర్టు వదిలిపెడితే, ఆ నేర నిర్ణయం వల్ల కలిగే అనర్హతలు అతనికి అంటవని దాని 12వ సెక్షను చెబుతుంది. అయితే నేర నిర్ణయమే చెరిగిపోదని సుప్రీంకోర్టు 1990లో స్పష్టం చేసింది. అనర్హత పోతుంది, చరిత్ర పోదు. దరఖాస్తు ఫారంలో ఇదివరకు నేరం రుజువైందా అన్న చోట లేదు అని రాసి చిక్కుల్లో పడకండి. అయింది అని రాసి, ప్రొబేషన్ ఉత్తర్వు జత చేయడమే క్షేమం.

నిజంగా చెరిపివేయడం ఉన్నది పిల్లల విషయంలో. 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షను ప్రకారం, నేరం చేసినట్టు తేలిన బాలుడికి ఆ కారణంగా ఏ అనర్హతా అంటకూడదు. అప్పీలు గడువు ముగిశాక ఆ కాగితాలు నాశనం చేయాలి. పదహారు దాటి, అతి ఘోరమైన నేరంలో పెద్దవాళ్ళలాగా విచారణ ఎదుర్కొన్నవారికి మాత్రం ఈ రక్షణ లేదు. ఇరవై ఏళ్ళుగా పిల్లల మధ్య ఉన్నవాణ్ణి కనుక ఈ సెక్షను చదివినప్పుడు నాకు తృప్తి కలిగింది. పదిహేనేళ్ళ కుర్రవాడు ఆవేశంలో చేసింది నలభై ఏళ్ళ మనిషి దరఖాస్తులో తేలకూడదు. నా మట్టుకు నాకు ఈ చట్టాలన్నిటిలో బాగా ఆలోచించి రాసిన వాక్యం ఇదే.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. అయిదేళ్ళు గడిచాయి. మనిషి పొలం చేసుకుంటున్నాడు. కొండ దిగువ పల్లెల్లో అడవిపందులు రాత్రికి రాత్రే చేను ఎలా దున్నిపోతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. చట్టం రైతును మరవలేదు. నిజమైన పంట రక్షణకు నాటు పద్ధతిలో మందు కూరే తుపాకి అడిగితే, లైసెన్సు 'ఇవ్వవచ్చు' అనలేదు, 'ఇవ్వాలి' అన్నది 13వ సెక్షను. ఆత్మరక్షణకు ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్నని తుపాకికి కూడా అదే మాట. హక్కు కాదంటూనే హక్కుకు ఇంత దగ్గరగా వచ్చిన వాక్యం ఇది. కాని పక్కనే 14వ సెక్షను ఉంది. ఏ కారణం చేతనైనా మనిషి తగనివాడని తోస్తే, ప్రజాశాంతికి అవసరమనిపిస్తే, లైసెన్సు నిరాకరించవచ్చు. ఠాణా నుంచి ఎంక్వైరీ నివేదిక వస్తుంది. అందులో ఎన్నడో తీరిపోయిన కేసు నంబరు మొదటి వరుసలోనే ఉంటుంది. పార్లమెంటు పెట్టిన అయిదేళ్ళ గడువును, ఆ 'తగనివాడు' అన్న ఒక్క మాట యాభై ఏళ్ళు చేయగలదు.

నేను తుపాకులు పెరగాలని వాదించేవాణ్ణి కాను. దెబ్బలు తిన్న మనిషి కూడా అదే వీధిలో ఉంటాడు. కొట్టినవాడి ఇంట్లో తుపాకి చూస్తే ఆ ఇంటి ఆడవాళ్ళకు నిద్ర పట్టదు. 2006లో ఆర్.ఉదయగిరి మీద, 2008లో నయాగఢ్ పోలీసు ఆయుధాగారం మీద మావోయిస్టుల దాడులు చూసిన ప్రాంతం మనది. అధికారులు ఆచితూచి అడుగు వేస్తారంటే తప్పు పట్టలేం. 1993లో అలహాబాదు హైకోర్టులో ఒక తీర్పు ఆయుధం ఉంచుకోవడాన్ని జీవించే హక్కులో భాగమన్నది. అదే కోర్టు పెద్ద ధర్మాసనం ఆ తరువాత దాన్ని ఒప్పుకోలేదు. మన రాజ్యాంగంలో అమెరికాలో లాంటి ఆయుధ హక్కు లేదని సుప్రీంకోర్టు కూడా 2023 ఫిబ్రవరిలో గుర్తుచేసింది. ఆ వాదనకు నేను ఎదురు చెప్పను.

నా మాటల్లా ఒక్కటే. కాదన్నప్పుడు ఎందుకు కాదో చెప్పాలి. ఇది నా కోరిక కాదు, చట్టంలోనే ఉంది. లైసెన్సు నిరాకరించే అధికారి కారణాలు రాతలో పెట్టాలి. అడిగితే వాటి సారాంశం ఇవ్వాలి, చెబితే ప్రజాహితానికి భంగమని అధికారి భావించిన సందర్భంలో తప్ప. పాత కేసు ఉన్నది కనుక అని మాత్రమే రాస్తే, ఆ కేసు ఏ నేరానిది, జైలు శిక్ష పడిందా, ఎప్పుడు ముగిసింది, అప్పీలు ఏమైంది అని అడిగే వీలు దరఖాస్తుదారుడికి ఉంటుంది.

మన వైపు ఇందులో భాష చిక్కు కూడా కలుస్తుంది. తీర్పు ఇంగ్లీషులో, ఠాణా నివేదిక ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో. 'శిక్ష పడింది' అన్న మూడు భాషల మాటల్లో జరిమానా, జైలు, ప్రొబేషన్ అన్నీ ఒకటే ముద్దగా వినబడతాయి. చట్టానికి మాత్రం అవి వేరువేరు. అందుకని తీర్పు ధ్రువీకరించిన నకలు, శిక్ష ముగిసి విడుదలైన తేదీ చూపే జైలు కాగితం, అప్పీలు ఉత్తర్వు ఉంటే దాని నకలు, ఇవి ఇంట్లో దాచుకోవాలి. పాత కోర్టు కాగితాలు ఇంట్లో ఉంటే అరిష్టమని చించి పారేసేవారు ఉన్నారు. దాచుకుంటే అవే మీ వైపు మాట్లాడతాయి.

లైసెన్సు రద్దయిన రోజున తుపాకి ఇంట్లో ఉంటే, ఆలస్యం చేయకుండా ఠాణాలోనో, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. గడువు లోపల లైసెన్సు తిరిగి వస్తే తుపాకి తిరిగి పొందవచ్చు, లేదా అర్హత ఉన్నవారికి అమ్ముకోవచ్చు. తాతగారి గుర్తు అని అటక మీద దాచితే అది కొత్త నేరం. నిరాకరణ ఉత్తర్వు మీద అప్పీలుకు గడువు 30 రోజులు. ఉత్తర్వు కవరు చేతికి అందిన తేదీని ఆ కవరు మీదే రాసి పెట్టుకోండి.